తిరుపతి, చిత్తూరుల్లో చిన్న వ్యాపారికి మార్కెట్ సమాచారం: చౌకగా దొరికేదేది, దాన్ని చదవడమెలా

తిరుపతి కొర్లగుంటలో ఇంటిపట్టున నిప్పట్లు (చెక్కలు), మురుకులు చేసి తెలిసినవారికి అమ్ముతున్న ఒక కుటుంబం, ఇకమీదట వాటిని ప్యాకెట్లలో పెట్టి అంగళ్లకు వేయాలని తలపెట్టిందనుకుందాం. పిండి ఎంత గట్టిగా కలపాలో, నూనె ఎంత కాగాలో, ఉప్పుకారాలు ఏ పాళ్లలో పడాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిదల్లా బయటి సంగతే. ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, ఒకసారి కొన్నవారు మళ్లీ ఎన్నాళ్లకు కొంటారు అన్నది ఎవరూ చెప్పరు. పెద్ద కంపెనీలు దీనికి మార్కెట్ రీసెర్చ్ అని పేరు పెట్టి, ఏటా దానికంటూ కొంత సొమ్ము కేటాయిస్తాయి. భారతదేశపు చిరుతిళ్ల మార్కెట్ మీద అచ్చయ్యే నివేదికలు వేల డాలర్లు పలుకుతాయి కాబట్టి, వాటిలో ఒక్కదాని ఖరీదే ఈ కుటుంబం పెట్టుబడికి సమానం కావచ్చు. ఒకవేళ అది ఉచితంగా చేతికొచ్చినా ఉపయోగం కొద్దిపాటిదే. దేశం మొత్తం మీద ఆ వ్యాపారం ఎంత పెరుగుతుందో అది చెబుతుంది గాని, లీలామహల్ కూడలి దగ్గరి అంగడివాడు కొత్త ప్యాకెట్‌ను అరలో పెట్టుకుంటాడో లేదో చెప్పదు.

ఈ కుటుంబానికి కావలసిన సమాచారంలో చాలా భాగం ఉచితంగానో, పది నుంచి వంద రూపాయల ఖర్చుతోనో దొరుకుతుంది. అయితే అందులో ఏదీ వారి కోసం సేకరించినది కాదు. ప్రభుత్వం తన ప్రణాళిక కోసం, దేవస్థానం తన నిర్వహణ కోసం, బ్యాంకు తన రుణ లక్ష్యం కోసం, రవాణా శాఖ తన పన్ను కోసం లెక్కలు రాసుకుంటాయి. ఒకరి అవసరానికి రాసిన లెక్కను మరొకరు వాడుకునేటప్పుడు, అందులో ఎవరిని లెక్కించారు, ఎవరిని వదిలేశారు అన్నది చూసుకోకపోతే, ఉచితంగా వచ్చిన అంకే కొన్న నివేదిక కన్నా ఎక్కువ నష్టం తెచ్చిపెడుతుంది.

అందుకే ముందు ప్రశ్నను చిన్నది చేసుకోవాలి. “తిరుపతిలో చిరుతిళ్ల మార్కెట్ ఎంత?” అన్న ప్రశ్నకు ఎంత ఖర్చు పెట్టినా పనికొచ్చే జవాబు రాదు. “రాబోయే మూడు నెలల్లో 200 గ్రాముల ప్యాకెట్‌ను 60 రూపాయలకు ఎన్ని అంగళ్లు తీసుకుంటాయి, వాటిలో ఎన్ని సరుకు దింపిన రోజే డబ్బిస్తాయి?” అన్న ప్రశ్నకు వారం రోజుల తిరుగుడుతో జవాబు దొరుకుతుంది. ఇక్కడ ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. జవాబు అవునని వచ్చినా కాదని వచ్చినా చేయబోయే పని మారదంటే, ఆ ప్రశ్న కోసం ఒక్క రూపాయి కూడా వెచ్చించనక్కర్లేదు.

సగటు అంకె చేసే మాయ

కుటుంబాల వినియోగ వ్యయంపై కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ జరిపే సర్వే ఫలితాలు ఉచితంగా లభిస్తాయి. 2023 ఆగస్టు నుంచి 2024 జూలై వరకు జరిగిన సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల్లో ఒక మనిషి సగటు నెలవారీ ఖర్చు 7,182 రూపాయలు, గ్రామాల్లో 5,327 రూపాయలు. దేశవ్యాప్తంగా చూస్తే, పట్టణవాసులు తమ మొత్తం ఖర్చులో 11.09 శాతాన్ని పానీయాలు, తయారైన ఆహార పదార్థాల మీద పెడుతున్నారు. ఆహారం పద్దులోని విభాగాలన్నింటిలోనూ దీనిదే పెద్ద వాటా.

ఇక్కడి నుంచి మాయ మొదలవుతుంది. 7,182 రూపాయల్లో 11 శాతం అంటే మనిషికి నెలకు దాదాపు 800 రూపాయలు. 2011 జనగణన నాటికే తిరుపతి నగరాన్నీ దాన్ని ఆనుకున్న పట్టణ ప్రాంతాన్నీ కలిపితే జనాభా నాలుగున్నర లక్షలు దాటింది. రెండింటినీ గుణిస్తే నెలకు 36 కోట్ల రూపాయల మార్కెట్ కళ్ల ముందు నిలుస్తుంది. “అందులో ఒక్క శాతం మనకు వచ్చినా నెలకు 36 లక్షలు” అన్న వాక్యం బ్యాంకుకు సమర్పించే ప్రాజెక్టు నివేదికల్లో ఏదో ఒక రూపంలో తరచూ కనిపిస్తుంది. వినడానికి ఎంతో వినయంగా ఉండే ఈ ఒక్క శాతమే ఆ నివేదికలో అన్నిటికన్నా పెద్ద అబద్ధం.

ఎందుకంటే, ఆ పదకొండు శాతంలో హోటల్ భోజనం ఉంది, పొద్దున తాగిన టీ ఉంది, టిఫిన్ బండి దగ్గర తిన్న ఇడ్లీ ఉంది, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, చిప్స్ అన్నీ ఉన్నాయి. నిప్పట్ల ప్యాకెట్‌కు అందులో దక్కేది ఎంతో ఆ అంకె చెప్పదు. పైగా ఆ వాటా దేశపు సగటు, ఆ ఖర్చు రాష్ట్రపు సగటు, ఆ జనాభా 2011 నాటిది. మూడు వేర్వేరు గిన్నెల్లోంచి తీసిన పిండిని కలిపి ఒక ముద్ద చేసినట్టే ఇది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. కొత్త లెక్కకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. కాబట్టి వార్డుల వారీ కొత్త జనాభా లెక్కలు వచ్చేదాకా పాత అంకెలతోనే నెట్టుకురావాలి.

లెక్కను కింది నుంచి కట్టుకుంటూ వస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. ఆ కుటుంబం రోజుకు 40 కిలోల సరుకు మాత్రమే చేయగలదనుకుంటే, 200 గ్రాముల లెక్కన 200 ప్యాకెట్లు తయారవుతాయి. ఒక అంగడిలో రోజుకు నాలుగు ప్యాకెట్లు పోతాయనుకుంటే 50 అంగళ్లు కావాలి, రెండే పోతే 100 అంగళ్లు కావాలి. నూరు అంగళ్లకు సరుకు వేయాలంటే ఒక మనిషి, ఒక బండి, వారానికోసారి వసూలుకు మరో తిరుగుడు అవసరం. అంటే ఈ వ్యాపారం నిలబడుతుందా లేదా అన్నది ఊరి జనాభాను బట్టి కాక, ఒక అంగడిలో రోజుకు పోయేవి రెండా, నాలుగా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ ఒక్క అంకె ఏ సర్వేలోనూ దొరకదు గాని, దాన్ని కనుక్కోవడం అన్నిటికన్నా చౌక.

సర్వే ఫలితాలు పనికిరానివని దీని అర్థం కాదు. వాటిని పరిమాణం కోసం కాక దిశ కోసం చదవాలి. గ్రామీణ భారతంలో కూడా తయారైన ఆహారం వాటా 2022-23లో 9.62 శాతం నుంచి మరుసటి ఏడాదికి 9.84 శాతానికి పెరిగింది. పుత్తూరు, చంద్రగిరి వంటి చోట్ల ఇంట్లో చేసుకునే తిండి స్థానంలోకి ప్యాకెట్ వచ్చిచేరుతోందా అన్న అనుమానం ఉంటే, ఈ అంకె దానికి కొంత బలం ఇస్తుంది. అంతకన్నా ఎక్కువ భారం దాని మీద మోపకూడదు.

ఒకే పేరున రెండు ఊళ్లు

తిరుపతిలో వ్యాపారం చేసేవారికి చాలా ఊళ్ల వ్యాపారులకు లేని సౌకర్యం ఒకటి ఉంది. తిరుమలలో నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, ఎంతమంది తలనీలాలు ఇచ్చారు, సర్వదర్శనానికి ఎన్ని కంపార్టుమెంట్లలో ఎన్ని గంటలుగా వేచి ఉన్నారు, హుండీ ఎంత వచ్చింది అన్నవి దేవస్థానం రోజూ ప్రకటిస్తుంది, పత్రికలూ టీవీలూ అచ్చంగా అందిస్తాయి. ఏడాదికి రెండున్నర కోట్ల దర్శనాలు జరిగే చోట, గిరాకీకి మూలమైన జనసంఖ్య ప్రతి ఉదయం ఉచితంగా చేతికందుతోందన్నమాట. ఊళ్లో చాలామంది దాన్ని రద్దీ వార్తగా చదివి వదిలేస్తారు. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు ఆ అంకెను, కుడివైపు ఆ రోజు అమ్మకాన్ని రాసుకుంటూ పోతే, మూడు నెలలకల్లా ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో స్పష్టమవుతుంది.

లేదని తేలడానికీ అవకాశం బాగానే ఉంది. కొండ మీద దర్శనం చేసుకున్న వారంతా తిరుపతి వీధుల్లో నడిచినవారు కారు. బెంగళూరు నుంచో చెన్నై నుంచో కారులో వచ్చినవారు అలిపిరి దగ్గర తనిఖీ ముగించుకుని నేరుగా పైకి వెళ్లి, అదే దారిలో తిరిగిపోతారు. కంపార్టుమెంట్లలో ఎక్కువ గంటలు గడిపినవారు దిగివచ్చాక బజారుకు వెళ్లే ఓపిక లేక బస్సెక్కేస్తే, దర్శనాల సంఖ్య పెరిగినా కింద అమ్మకం తగ్గవచ్చు. గరుడసేవ రోజున ఘాట్ రోడ్డుపై ద్విచక్ర వాహనాలను నిలిపివేయడం పరిపాటి కాబట్టి, ఆ రోజు బస్టాండు వైపు జనం సాధారణ దినాల కన్నా వేరే తీరులో కదులుతారు. బ్రహ్మోత్సవాలకని సరుకు రెట్టింపు చేసి పెట్టుకున్న అంగడికి ఆ జనం దగ్గరకే రాకపోవచ్చు. కాబట్టి దర్శనాల సంఖ్యను కొనుగోలుదారుల సంఖ్యగా కాక, వాన కొలిచే గేజీలాగా చూడాలి. వాన పడిందని అది చెబుతుంది. చెరువులోకి ఎన్ని నీళ్లు చేరాయో చెరువు దగ్గరే చూసుకోవాలి.

ముందుచూపుకు కూడా ఇందులో వెసులుబాటు ఉంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటాను సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్లో విడుదల చేస్తారు. ఏయే రోజుల టికెట్లు ఎంత త్వరగా అయిపోయాయో గమనిస్తే, మూడు నెలల తరువాతి రద్దీ గురించి ఒక అంచనా వస్తుంది. తమిళుల పెరటాసి మాసం సుమారుగా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఉంటుంది. ఆ శనివారాల్లో వచ్చే జనంలో తమిళులు ఎక్కువ కాబట్టి, ప్యాకెట్ మీద పేరు ఏ లిపిలో ఉండాలన్న ప్రశ్నకూ అక్కడే జవాబు మొదలవుతుంది.

ఇక రెండో ఊరు స్థానికులది. బైరాగిపట్టెడ, ఎం.ఆర్.పల్లి, బాలాజీ కాలనీ వంటి పేటల్లో ఉద్యోగులు, పింఛనుదారులు, అద్దె గదుల్లో ఉండే విద్యార్థులు కలిసి ఉంటారు. 1954లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలు, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) దాకా ఉన్న సంస్థల వల్ల ఇక్కడ విద్యార్థుల గిరాకీకి సొంత క్యాలెండర్ ఉంది. యాత్రికుల రద్దీ పెరిగే వేసవి సెలవుల్లోనే హాస్టళ్లు ఖాళీ అవుతాయి. ఒకే అంగడి ఈ రెండు గిరాకీలనూ నమ్ముకుంటే మంచిదే గాని, రెండింటినీ కలిపి ఒకే సగటు తీస్తే ఆ సగటు ఏ నెలకూ సరిపోదు. యాత్రికుడు ఒక్కసారే కొంటాడు, పెద్ద ప్యాకెట్ కొంటాడు, ఊరికి తీసుకెళ్లడానికి కొంటాడు. స్థానికుడు చిన్నది కొంటాడు, రుచి బాగుంటే వారానికోసారి వస్తాడు. 60 రూపాయల ప్యాకెట్ ఎవరికన్నది తేల్చుకోకుండా సమాచారం సేకరించడం మొదలుపెడితే, రెండు ఊళ్ల జవాబులూ కలగాపులగం అవుతాయి.

బయటి కొనుగోలుదారులు ఎక్కడి నుంచి వస్తున్నారో తెలుసుకోవడానికి ఖర్చులేని పాత పద్ధతి ఒకటి ఉంది: వాహనాల నంబరు ప్లేట్లు లెక్కపెట్టడం. టీఎన్ 23 అంటే వేలూరు, టీఎన్ 20 అంటే తిరువళ్లూరు, కేఏ 07 అంటే కోలారు. ఒక శనివారం, ఒక మంగళవారం, రెండేసి గంటల చొప్పున వాహనాలు నిలిపే చోట కూర్చుని గీతలు గీసుకుంటే, ఏ దిక్కు నుంచి ఎంత వాటా జనం వస్తున్నారో తెలుస్తుంది. మన రాష్ట్రపు వాహనాల దగ్గర మాత్రం ఈ కిటుకు ఇప్పుడు సగమే పనిచేస్తుంది. ఒకప్పుడు ఏపీ 03 కనిపిస్తే చిత్తూరు జిల్లా బండి అని చెప్పగలిగేవారు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుసను తేవడంతో కొత్త బళ్ల ఊరు నంబరులోంచి మాయమైంది.

ప్యాకెట్ వెనక రాసి ఉన్నది

పోటీదారుల గురించి తెలుసుకోవడానికి ఎవరినీ రహస్యంగా వెంబడించనక్కర్లేదు. ప్యాకెట్లలో అమ్మే సరుకుపై తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఇవన్నీ చూడగలిగేవాడికి ఉచిత మార్కెట్ నివేదికే. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, ఎయిర్ బైపాస్ రోడ్డుల్లో పది పన్నెండు అంగళ్లు తిరిగి, అరల్లో ఉన్న ప్రతి రకం నిప్పట్ల ప్యాకెట్‌ను తిప్పి చూస్తే, సరుకు ఏయే ఊళ్ల నుంచి వస్తోందో, గ్రాముకు ఎంత పడుతోందో ఒక సాయంత్రంలో తేలుతుంది.

వీటిలో అన్నిటికన్నా విలువైనది తయారీ తేదీ. రోజు కూడా వేసిన ప్యాకెట్ అయితే మరీ మంచిది. అరలో ముందున్న ప్యాకెట్ వారం కిందటిదైతే ఆ సరుకు కదులుతోంది. మూడు నెలల కిందటిదైతే, అంగడివాడు ఎంత పొగిడినా, అది అక్కడే కూర్చుని ఉంది. ఈ పరిశీలనను పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అదే ప్యాకెట్ అక్కడే ఉందా, కొత్త తేదీది వచ్చిందా అని చూసుకుంటే, అమ్మకపు వేగం గురించి ఏ సర్వే ఇవ్వలేని నిజం చేతికొస్తుంది. ఇందుకయ్యే ఖర్చు బస్సు ఛార్జీ, ఇంటికి తెచ్చి రుచి చూసిన నాలుగు ప్యాకెట్ల ధర.

ప్యాకెట్ మీదో బిల్లు మీదో జీఎస్టీ నంబరు ఉంటే, జీఎస్టీ పోర్టల్‌లో దాన్ని వెతికి ఆ వ్యాపారం ఎప్పుడు నమోదైందో, రిటర్నులు వేస్తోందో లేదో చూడవచ్చు. పోటీదారు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అయితే, కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో వంద రూపాయల రుసుము కట్టి అది దాఖలు చేసిన ఆర్థిక పత్రాలను చదవవచ్చు. ఆ వందతో పోటీదారు మొత్తం అమ్మకం, ముడిసరుకు ఖర్చు, మిగిలిన లాభం తెలుస్తాయంటే, పెట్టే రూపాయికి ఇంతకన్నా ఎక్కువ సమాచారం ఇచ్చే చోటు మరొకటి కనిపించదు. సొంత పేరుతోనో భాగస్వామ్యంగానో నడిచే సంస్థలకు మాత్రం ఈ దారి లేదు. మన ప్రాంతపు చిరుతిళ్ల తయారీదారుల్లో అలాంటివారే ఎక్కువ.

ముడిసరుకు వైపు కూడా చూసుకోవాలి. వేరుశనగ, టమాటా, మామిడి వంటి పంటల రోజువారీ ధరలు, మార్కెట్‌కు వచ్చిన సరుకు పరిమాణం కేంద్ర ప్రభుత్వపు అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో ఉచితంగా ఉంటాయి. కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధరను విడిగా ఇస్తారు. లెక్కలకు తీసుకోవలసింది దాన్నే. ఒక్క ఏడాది ధర చూసి ఖర్చు అంచనా కడితే ఏమవుతుందో మదనపల్లె టమాటా నేర్పుతుంది: 2023 జూలై ఆఖరులో అక్కడి మార్కెట్లో కిలో 200 రూపాయల దాకా పోయింది, వేరే కాలాల్లో కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోశారు. నూనె సంగతి మరీ దూరాన ఉంది. 2024 సెప్టెంబరులో ముడి వంటనూనెలపై మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, 2025 మే చివర దాన్ని 10 శాతానికి తగ్గించారు. కొర్లగుంట బాండీలోని నూనె ఖర్చు ఢిల్లీ నోటిఫికేషన్‌ను బట్టి మారుతుందని తెలిసినవారు, ప్యాకెట్ మీద ధర అచ్చు వేయించే ముందు కనీసం మూడేళ్ల ధరల చరిత్ర చూసుకుంటారు.

కార్యాలయాల్లో ఉన్న కాగితాలు

జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వెలువరించే గణాంక పుస్తకం, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉండే యూనిట్ల వివరాలు, వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ప్రతి జిల్లాకూ ఏటా తయారుచేసే రుణ సామర్థ్య ప్రణాళిక, రిజర్వు బ్యాంకు ఇచ్చే జిల్లాల వారీ డిపాజిట్ల లెక్కలు అన్నీ ఉచితమే. వీటిలో నాబార్డు ప్రణాళిక చదవదగినది. ఏ మండలాల్లో ఏ పంట, ఏ సౌకర్యం, ఏ కొరత ఉన్నాయో అందులో రాస్తారు. ఎలక్ట్రిక్ స్కూటర్ల మరమ్మతు వంటి వ్యాపారం పెట్టేవారికి రవాణా శాఖ వాహన్ డ్యాష్‌బోర్డు చాలు. ఏ కార్యాలయం పరిధిలో ఏ ఇంధనంతో నడిచే బళ్లు ఎన్ని నమోదయ్యాయో అందులో చూసుకోవచ్చు.

జిల్లా అంకెలు చదివేటప్పుడు ఒక గొయ్యి ఉంది. 2022 ఏప్రిల్ 4కు ముందు చిత్తూరు జిల్లా అంటే 66 మండలాలు, 2011 జనగణన ప్రకారం 41.74 లక్షల జనాభా. ఆ రోజున తిరుపతి వేరే జిల్లా అయింది, నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు ప్రాంతాలు దానిలో కలిశాయి. మదనపల్లె వైపు మండలాలు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. 2020 నాటి చిత్తూరు అంకెనూ 2024 నాటి చిత్తూరు అంకెనూ పక్కపక్కన పెట్టి, వ్యాపారం సగానికి పడిపోయిందని రాస్తే, పడిపోయింది సరిహద్దే గాని వ్యాపారం కాదు. పాత సమాచారాన్ని మండలాల స్థాయికి దించి మళ్లీ కూడుకోవడం ఒక్కటే దీనికి దారి. అది విసుగు పుట్టించే పని, కాని ఒక రోజు పని.

అచ్చులో లేని సమాచారం కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టాన్ని వ్యాపారులు తక్కువగా వాడుకుంటున్నారు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక డివిజన్‌లో ఎన్ని తినుబండారాల అంగళ్లకు ట్రేడ్ లైసెన్సులు ఉన్నాయో నగరపాలక సంస్థను అడగవచ్చు. అయితే కార్యాలయం తన దగ్గర ఉన్న కాగితాన్ని ఇస్తుంది గాని, కొత్తగా విశ్లేషణ చేసి ఇవ్వదు. ఒక వ్యక్తి వ్యాపార రహస్యాన్నీ ఇవ్వదు. కాబట్టి “గిరాకీ ఎలా ఉంది?” అని కాక, “ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జారీ చేసిన లైసెన్సుల జాబితా” అని అడగాలి.

ఖాదీ కమిషన్ పోర్టల్‌లోనూ, ఆహార శుద్ధి పథకాల పోర్టల్‌లోనూ దొరికే నమూనా ప్రాజెక్టు నివేదికలను చాలామంది మార్కెట్ సమాచారంగా భావిస్తారు. యంత్రం ఏది, విద్యుత్తు ఎంత, కూలీలు ఎందరు అన్న విషయాల్లో అవి ఉపయోగమే. మార్కెట్ గురించి అందులో ఉండే పేరా మాత్రం ఏ జిల్లాకైనా సరిపోయేలా రాసినది. దాన్ని యథాతథంగా తీసి తిరుపతికి అంటించడం వల్ల బ్యాంకు మేనేజరు సంతృప్తి పడవచ్చు గాని సరుకు అమ్ముడుపోదు.

అడిగితే చెప్పరు, అమ్మితే తెలుస్తుంది

మనుషులను అడిగి తెలుసుకోవడం చౌకగా కనిపిస్తుంది గాని, మోసపోవడం ఇక్కడే ఎక్కువ. ఇంటికి వచ్చి రుచి చూపించి “మార్కెట్లోకి వస్తే కొంటారా?” అని అడిగినవారికి కాదని చెప్పడం మన మర్యాదలో లేదు. “చేయండమ్మా, తప్పకుండా తీసుకుంటాం” అనేవారే అందరూ. అంగడివాడి “చూద్దాంలే” అన్న మాటకు అర్థం వద్దనే అయినా, సర్వే కాగితంలో దాన్ని సానుకూలం కింద రాసేస్తారు. కాబట్టి రేపటి ఉద్దేశాన్ని అడగడం మానేసి, నిన్నటి పనిని అడగాలి. పోయిన వారం ఇంట్లోకి కారాలు (కారపు చిరుతిళ్లు) ఏమైనా కొన్నారా, ఎక్కడ కొన్నారు, ఎంత ఇచ్చారు, మిగిలిందా అన్న నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో మర్యాదకు చోటు తక్కువ.

ఎంతమందిని అడగాలన్నదానికి గణాంక శాస్త్రంలో స్పష్టమైన లెక్క ఉంది. పక్షపాతం లేకుండా ఎంచుకున్న 100 మందిని అడిగితే జవాబులో పది శాతం అటూఇటూ, 400 మందిని అడిగితే అయిదు శాతం అటూఇటూ తేడా ఉండవచ్చు. తేడాను సగం చేయడానికి నాలుగింతల శ్రమ పడాలన్నమాట. చిన్న వ్యాపార నిర్ణయాలకు ఆ శ్రమ చాలావరకు అనవసరం. కారాలు బయటే కొంటామన్నవారు 70 శాతమా 65 శాతమా అన్నదానితో పనిలేదు, 70 శాతమా 30 శాతమా అన్నదే కావాలి. దానికి వందమంది చాలు. అయితే ఆ వందమందీ ఒకే అపార్టుమెంటు వారో, ఒకే వాట్సాప్ గ్రూపు వారో అయితే, నాలుగు వేలమందిని అడిగినా ఆ తప్పు దిద్దుకోదు. విశ్వవిద్యాలయాల్లో ఎంబీఏ విద్యార్థులకు ప్రాజెక్టు పని తప్పనిసరి కాబట్టి, ఆ శాఖల అధ్యాపకులతో మాట్లాడుకుంటే సర్వే దాదాపు ఉచితంగా జరుగుతుంది. విద్యార్థులు గూగుల్ ఫారం తయారుచేసి స్నేహితులకు పంపి ముగించకుండా, ఫలానా వీధిలో ప్రతి అయిదో ఇల్లు అని ముందే నిర్ణయించి పంపాలి.

గూగుల్‌లో జనం ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో చూపే గూగుల్ ట్రెండ్స్ గురించి ఒక మాట. అది చూపే సున్నా నుంచి వంద వరకు అంకె వెతికినవారి సంఖ్య కాదు, ఆ కాలంలోని శిఖరంతో పోలిక మాత్రమే. చిన్న ఊళ్ల విషయంలో దానికి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

అన్నిటికన్నా నమ్మదగిన సర్వే అమ్మి చూడడమే. పది అంగళ్లు ఎంచుకోవాలి: నాలుగు బస్టాండు, రైల్వే స్టేషను, దేవస్థానం వసతి గృహమైన విష్ణునివాసం పరిసరాల్లో, నాలుగు నివాస పేటల్లో, రెండు కళాశాలల దగ్గర. ఒక్కో అంగడికి 20 చొప్పున 200 ప్యాకెట్లు, అంటే ఒక్క రోజు ఉత్పత్తి, వేసి పదిహేను రోజులు గమనించాలి. సగం అంగళ్లలో 60 రూపాయలు, సగం అంగళ్లలో 50 రూపాయలు పెడితే ధర ప్రశ్నకూ జవాబు వస్తుంది. అమ్ముడుపోని సరుకు వెనక్కు తీసుకుంటామని చెబితే ఏ అంగడివాడైనా పెట్టుకుంటాడు కాబట్టి, మొదటి విడత చెప్పేది సగం సంగతే. రెండో విడత సరుకు కోసం వెళ్లినప్పుడు అతను మొదటిదాని డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, “ఈసారి నలభై వేయండి” అంటే అది జవాబు. మార్జిన్ పెంచమని, నెల తరువాత డబ్బిస్తానని అంటే అది కూడా జవాబే. పెట్టుబడిలో ఎంత సొమ్ము అప్పుల రూపంలో బజారులో ఇరుక్కుంటుందో అప్పుడు తెలుస్తుంది.

చిత్తూరుకు ఇదే కొలబద్ద పెట్టకూడదు. అక్కడ యాత్రికుల గేజీ లేదు, దానికి బదులు మండీలు ఉన్నాయి. బెల్లం, మామిడి ధరల తీరు గురించి కమిషన్ మండీల్లో ఒక ఉదయం కూర్చుంటే తెలిసేది ఏ పోర్టల్‌లోనూ ఆ వేగంతో రాదు. 2025 వేసవిలో తోతాపురి మామిడికి కిలో 12 రూపాయల ధరను ప్రకటించి, అందులో 8 రూపాయలు గుజ్జు పరిశ్రమలు, 4 రూపాయలు ప్రభుత్వం ఇచ్చేలా నిర్ణయించవలసి రావడానికి, గత సీజన్ గుజ్జు నిల్వలు మిగిలిపోవడం ఒక ముఖ్య కారణమని అప్పట్లో విస్తృతంగా చర్చ జరిగింది. మామిడి తాండ్రో జ్యూసో చేసే చిన్న యూనిట్‌కు వినియోగదారుల సర్వే కన్నా ఆ నిల్వల కబురే ముఖ్యం. అమ్మకం వైపు చూస్తే, వేలూరు నలభై కిలోమీటర్ల లోపే ఉంది. తమిళనాడు పట్టణాల్లో మనిషి సగటు నెల ఖర్చు 2023-24లో 8,165 రూపాయలు, అంటే మన పట్టణాల కన్నా దాదాపు వెయ్యి ఎక్కువ. చిత్తూరు తయారీదారుకు సహజమైన రెండో మార్కెట్ తిరుపతా, వేలూరా అన్నది తేల్చడానికి రెండు ఊళ్లలోనూ పదేసి అంగళ్ల పరీక్ష చేయాలి.

డబ్బిచ్చి సమాచారం కొనవలసిన సందర్భం కూడా వస్తుంది. పాతిక లక్షల యంత్రం తెప్పించి మూడు జిల్లాలకు సరుకు పంపాలనుకున్నప్పుడు, వందల అంగళ్లను ఒకేసారి చూసి రావడం కుటుంబ సభ్యుల వల్ల కాదు. అప్పుడు ఏజెన్సీని పెట్టుకోవచ్చు. అయితే ఒప్పందంలో రంగుల పటాల నివేదిక కన్నా ముందు, వారు తిరిగిన ప్రతి అంగడి పేరు, వెళ్లిన తేదీ, అరలో చూసిన ప్యాకెట్ల తయారీ తేదీలు, అంగడివాడు చెప్పిన జవాబు ఉన్న అసలు పట్టికను అడిగి రాయించుకోవాలి. ఆ పట్టికలోంచి ఏవైనా పది అంగళ్లు తీసుకుని తామే వెళ్లి సరిచూసుకోవాలి, మిగతా సొమ్ము ఆ తరువాతే చెల్లించాలి.